కిష్టవ్వ పూడ్చిన గండి

కిష్టవ్వ తిట్టని మనిషి ఆ ఊళ్ళో లేడు. సర్పంచ్ నాగయ్యను నలుగురిలో నిలబెట్టి తిట్టింది. కరెంటు లైన్‌మెన్‌ను స్తంభం దిగకముందే అందుకుంది. దుబాయిలో ఉన్న మొగుణ్ణి, అంత దూరం వినపడదని తెలిసి కూడా, పొద్దున్నే వాకిలి ఊడుస్తూ తిట్టేది. చొప్పదండి అంగట్లో ఆమె తలకాయ కనపడగానే కూరగాయల వాళ్ళు ధర తగ్గించేవాళ్ళని చెప్పుకుంటారు, అందులో అబద్ధం కొంచెమే. అలాంటి కిష్టవ్వ నోటి నుంచి ఏళ్ళ తరబడి ఒక్క తిట్టు కూడా దక్కనివాడు ఊరు మొత్తంలో ఒక్కడే. ఆమె మొగుడికి అన్న, పర్శరాములు. ఆమె అందరికంటే ఎక్కువగా అసహ్యించుకున్నది అతన్నే.

సంగతి తెలియాలంటే బావి దగ్గర మొదలుపెట్టాలి.

అరవై తొమ్మిదిలో ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి అన్నదమ్ములిద్దరి పొలాలూ పక్కపక్కనే, ఊరి కుంట కట్ట కింద ఉండేవి. రెండు పొలాల మధ్య గట్టు మీద ఒకటే బావి. పొద్దున మోట పెద్దవాడిది, పొద్దు తిరిగాక చిన్నవాడు గంగయ్యది. ఆ పద్ధతి పెట్టింది అత్త కొమురవ్వ. డెబ్బై రెండు కరువులో మంచం పట్టి, పోయేముందు కొడుకులనూ కోడళ్ళనూ పిలిచి మరోసారి చెప్పింది.

"కొట్లాడుకోన్రి, ఒకల మొకం ఒకలు సూడకున్రి, నాకు ఫికర్ లేదు. గని వంతు తప్పిండ్రంటే నా ఉసురు తగుల్తది. మీ పంచాదితోని బాయికి పనిలేదు."

బావికి నీళ్ళు ఎక్కడివో ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కుంటలో నీళ్ళుంటే బావిలో ఊట ఉంటుంది, కుంట ఎండితే బావి ఎండుతుంది. అందుకే ఏటా వానలు మొదలయ్యే మిరుగు కార్తె రాకముందు ఇంటికో మనిషి తట్ట పట్టుకుని వచ్చి కట్ట మీద మట్టి పోసేవారు. రాని ఇంటివాణ్ణి ఏడాదంతా దెప్పిపొడిచేవారు. ఆ పని ఎవరూ ఇష్టంగా చేసింది లేదు. మొహాలు మాడ్చుకుంటూ, సణుక్కుంటూ చేసేవారు. కానీ చేసేవారు.

తర్వాత కరెంటు మోటర్లు వచ్చాయి. మీట నొక్కితే నీళ్ళు ఎగిరి పడుతుంటే తట్ట ఎవడు మోస్తాడు? ఒక ఏడాది సగం మంది వచ్చారు, మరుసటేడు పదిమంది వచ్చారు, ఆ పైన ఎవరూ రాలేదు. ఆ కాలం గుర్తుకొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తెలియక చేసిన తప్పయితే క్షమించవచ్చు, తెలిసి తెలిసి బద్ధకించిన ఊరిని ఏమనాలి?

వాన కూడా బుద్ధి మార్చుకుంది. ఒకప్పుడు మిరుగు వచ్చిందంటే వారం పాటు ముసురు పట్టి, నేల మెల్లగా తాగి, దుక్కి మెత్తబడేది. ఇప్పుడు మిరుగు వస్తుంది, మబ్బు రాదు. ఆరుద్ర వస్తుంది, గాలి వస్తుంది. నారు ఎండి వాలిపోయాక ఒకనాడు ఆకాశం చిల్లు పడ్డట్టు కొడుతుంది. నెలంతా పడాల్సిన వాన ఒక్కరోజులో పడి, పైమట్టిని కూడా వెంటేసుకుని వాగులో కలుస్తుంది. మళ్ళీ నెలదాకా ఎండ. ఎనభై మూడులో అలాంటి వాన ఒకటి వచ్చి, ఏళ్ళుగా మట్టి పడని కట్టను మధ్యలో తెంపేసింది. ఎడ్లబండి పట్టేంత గండి. కుంట ఒక్క పూటలో ఖాళీ అయింది.

"వచ్చే ఎండకాలం పూడ్చుదాం తియ్" అన్నాడు సర్పంచ్ నాగయ్య. ఆ ఎండాకాలం వచ్చింది, పోయింది.

పర్శరాములు మాత్రం ఊరుకోలేదు. ఖాళీ పడ్డ కుంట కడుపులోకి నాగలి తీసుకుపోయి మక్కజొన్న వేశాడు. ఏళ్ళ ఒండ్రు మట్టి, మనిషెత్తు పెరిగింది.

"నీళ్ళు నిలువని కుంట కుంటేంది? వట్టి జాగనేనాయె. ఉత్తగ పడెయ్యాల్నా?" అన్నాడు అడిగినవాళ్ళతో. అడిగినవాళ్ళు కూడా గట్టిగా అడగలేదు. అతని మక్కకంకులు కాల్చుకు తిన్న నోళ్ళు ఎలా అడుగుతాయి?

ఆ తర్వాత వరసగా ఎండలే. బావి అడుగుకు పోయింది. గంగయ్య అప్పటికి దుబాయిలో కట్టడాల దగ్గర సిమెంటు మోస్తున్నాడు. అతను పంపిన డబ్బుతో కిష్టవ్వ బోరు వేయించింది. మిషన్ రోజంతా మొత్తుకుని తెల్లటి దుమ్ము తప్ప ఏమీ కక్కలేదు. ఊరంతా చుట్టూ నిలబడి చూసింది. ఆ దుమ్ము తలమీద పడ్డ అవమానాన్ని ఆమె చాలాకాలం మరిచిపోలేదు. పర్శరాములు బోరులో కొన్నాళ్ళు సన్నగా వచ్చి ఆగిపోయింది. అప్పుడు ఇద్దరికీ ఇంకో తెలివి పుట్టింది. బావిలోకి మనుషులను దించి, పక్కలకు అడ్డం బోర్లు వేయించారు. అతను తన వైపు గోడకు వేయిస్తే, ఆమె పంతం కొద్దీ తన వైపు గోడకు వేయించింది. ఎటువైపు నుంచి వచ్చినా నీళ్ళు పడేది ఒకే బావిలో అన్న సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. పగ ఉన్న చోట అలాంటి చిన్న విషయాలు తట్టవు.

ఇంతలో దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన ఊరివాడు అంబదాస్ గంగయ్య మాటను మోసుకొచ్చాడు.

"వదినె, గంగన్న చెప్పిండు. పొలం పర్శన్నకే అమ్మేసి కరీంనగర్‌ల ఇల్లు కిరాయికి తీసుకోమన్నడు. గా ఎండిన బాయితోని పరేషాన్ ఎందుకన్నడు."

"అమ్ముమన్నడా? దున్నింది నేను, నాటేసింది నేను. వాడు ఉత్తరం దిక్కు తిరిగి పండుకున్నడో దక్షిణం దిక్కు తిరిగి పండుకున్నడో నాకెరుక లేదు గని, పొలం మాత్రం అమ్మ. పోయి చెప్పు" అంది కిష్టవ్వ.

పర్శరాములు ఆ పొలం కోసమే కాచుకుని ఉన్నాడని ఆమెకు తెలుసు. బావి చస్తే పొలం చస్తుంది, పొలం చస్తే అది అతని చేతికి పోతుంది. ఆ ఊహకే ఆమెకు అన్నం సయించేది కాదు.

ఎనభై అయిదులో ఆషాఢం సగం గడిచినా చినుకు లేదు. ఊరివాళ్ళు వరద పాశం పొయ్యాలన్నారు. బియ్యం, బెల్లం, పాలు ఇంటింటా అడిగి తెచ్చి, పాశం వండి, ఊరి వెనక గుట్ట మీద బండను కడిగి దాని మీద పోస్తారు. చిన్నా పెద్దా అందరూ చేతులు వెనక్కి పెట్టుకుని, మోకాళ్ళ మీద వంగి, నాలుకతో ఆ బండను నాకుతారు. మనుషుల అవస్థ చూసి వానదేవుడు కరగాలి. ఏ ఇల్లూ తప్పిపోకూడదు.

నాగయ్య గిన్నె పట్టుకుని కిష్టవ్వ వాకిట్లోకి వచ్చాడు.

"పిడికెడు బియ్యం, జర బెల్లం పెట్టు కిష్టవ్వా."

"పెట్ట."

"గదేంది?"

"బండ నాకనీకి నాలికలున్నయి గని, గండి పూడ్చనీకి చేతుల్లేవా? ముందటేడు పడ్డ వాన ఏమాయె? మీ కండ్ల ముందట్నే గండిలకెల్లి పాయె. మల్ల పడితె మల్ల గట్లనే పోతది. ముందుగాల తట్టలు వట్టున్రి, అప్పుడు బియ్యం గాదు, వడ్ల గుమ్మి దెచ్చి ఇస్త."

నాగయ్య ముఖం నల్లబడింది. "దేవుని కార్యానికి అడ్డం మాట్లాడుతున్నవు, మంచిగుండదు" అన్నాడు.

"మంచిగ ఇప్పుడు ఎవలున్నరు?" అంది.

ఆమె ఇల్లు లేకుండానే పాశం పోశారు, నాకారు. సాయంత్రం గాలి లేచింది, రెండు చినుకులు రాలాయి, ఆగిపోయాయి. ఇంక చూడాలి ఊరి కోపం. కిష్టవ్వ నోరే వానను తరిమేసిందన్నారు. ఆమె పొలానికి కైకిలి పనికి ఒక్క మనిషి రాలేదు. సొంత యారాలు, పర్శరాములు పెళ్ళాం చంద్రవ్వ, తన నీళ్ళబిందె పక్కన కిష్టవ్వ బిందె పెడితే, తనది తీసి దూరంగా పెట్టుకుంది. తట్టలు పట్టమన్న మాట మాత్రం ఏ ఒక్కడూ చెవిన పెట్టలేదు.

మరుసటి ఎండాకాలం ఆమె ఒక్కతే గండిలోకి దిగింది. బండి కట్టి, గుట్ట వాలు నుంచి ఎర్రమట్టి తెచ్చి పోసేది, నీళ్ళు చల్లి ఎడ్లతో తొక్కించేది. కట్ట మీద నుంచి పోయేవాళ్ళు నవ్వారు. ఆమె ఒక్కొక్కణ్ణి తాతముత్తాతల దాకా పోయి తిట్టింది, పని ఆపలేదు.

"గండి పూడిస్తే మా మక్కచేను మునుగుతది, ఎరికేనా?" అని చంద్రవ్వ గట్టు మీద నిలబడి అడిగింది.

"అది చేను గాదక్కా, కుంట. కుంటల నీళ్ళుంటయి" అంది కిష్టవ్వ.

మిరుగు నాటికి గండి సగానికి పైగా పూడింది. పర్శరాములు ఆ మట్టిని చూసి ఉమ్మేసి, మళ్ళీ కుంట కడుపులో మక్క వేశాడు.

ఆగస్టులో వాన వచ్చింది. రెండు రోజులు తెరిపి లేదు. కిష్టవ్వ గోనెసంచి కప్పుకుని కట్ట మీదే ఉంది. వాగునీళ్ళు కుంటలోకి దిగాయి, ఆమె పోసిన మట్టికి తగిలి ఆగాయి, పైకి లేచాయి. ఆమె సంతోషానికి పట్టపగ్గాలు లేవు. తడిసిన కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఊరి జనం కూడా ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. ఇన్నేళ్ళకు కుంటలో నీళ్ళు చూసి నోళ్ళు తెరిచారు.

మక్క నడుములోతు మునిగింది. అప్పుడొచ్చాడు పర్శరాములు, పార భుజాన వేసుకుని.

ఆమెకు అర్థమైంది. గండి మీద అడ్డంగా నిలబడింది.

"బావా, ఒక్కసారి ఇను. గీ నీళ్ళు ఆగితె యాసంగి దాకా బాయికి ఫికర్ లేదు, నీకు నాకు ఇద్దరికి."

"కంకి వెట్టే చేను. జరుగు."

"నీ మక్కకు బదులు నా పొలంల సగం ఈయేడు నువ్వే దున్నుకో. నేను ఒక్క మాటన."

"జరుగు అంటున్న."

అప్పుడు కిష్టవ్వ, ఎవరికీ తల వంచని కిష్టవ్వ, ఊరంతా చూస్తుండగా ఆ బురదలో అతని కాళ్ళ మీద పడింది. రెండు చేతులతో పాదాలు పట్టుకుంది. "నీ కాల్మొక్త బావా, కొట్టకు" అంది. పర్శరాములు ఒక కాలు విడిపించుకున్నాడు, రెండోది విడిపించుకున్నాడు, ఆమెను దాటి అవతలికి పోయి పార ఎత్తాడు. మెత్తటి కొత్త మట్టి. నాలుగు పెళ్ళలు తీయగానే మిగిలిన పని నీళ్ళే చేసుకున్నాయి.

కట్ట మీద అంతమంది మగవాళ్ళున్నారు. ఒక్కడూ ఆ పార పట్టుకోలేదు. అన్నదమ్ముల పంచాయితీలో మనకెందుకు అనుకున్నారట! ఊరి కుంట అన్నదమ్ముల పంచాయితీ ఎట్లా అయిందో వాళ్ళనే అడగాలి.

నీళ్ళు పోయేదాకా కిష్టవ్వ అక్కడే కూర్చుంది. ఇప్పుడు తిడుతుంది, ఇప్పుడు మన్ను ఎత్తి పోస్తుంది అని అందరూ ఎదురుచూశారు. ఆమె లేచి, గోనెసంచి దులుపుకుని, అతని పక్క నుంచే ఇంటికి నడిచింది. నోరు విప్పలేదు. ఆనాటి నుంచి అతని విషయంలో ఆ నోరు మూతపడింది.

ఆ వాన తర్వాత మళ్ళీ చినుకు లేదు. నీళ్ళు తీసి కాపాడుకున్న మక్క కంకి పట్టకుండానే ఎండింది. బావిలో మోటరు గాలి పీల్చింది. అతనికీ దక్కలేదు, ఆమెకూ దక్కలేదు, కట్ట మీద నిలబడి చూసినవాళ్ళ బోర్లు కూడా ఒకటొకటే ఎండిపోయాయి. బాగా జరిగింది అనిపిస్తుంది. కానీ ఆకలి చెడ్డవాళ్ళనే వెతుక్కుని రాదు కదా, పిల్లలున్న ఇళ్ళలోకి కూడా వచ్చింది.

ఆ ఎండాకాలం కిష్టవ్వ మళ్ళీ బండి కట్టింది. కొన్నాళ్ళకు నాగయ్య తట్ట పట్టుకుని వచ్చాడు. వెనక ఇంకొందరు వచ్చారు. ఆ ఒక్క పూట నిండిన కుంట వాళ్ళ కళ్ళలో మిగిలిపోయింది.

"ఏం సర్పంచ్ సాబ్, నాలికలు అరిగినయా? చేతులు ఇప్పుడు మొలిచినయా?" అంటూ ఆమె స్వాగతం చెప్పింది. వాళ్ళు తలలు వంచుకుని మట్టి పోశారు. పాతరోజుల్లాగే మొహాలు మాడ్చుకుని, సణుక్కుంటూ. ఆమె తిట్లు పనిని తొందరపెట్టాయి.

ఆఖరికి పర్శరాములు కూడా వచ్చాడు. తట్ట నెత్తిన పెట్టుకుని ఆమె ఎదురుగా నిలబడ్డాడు. అందరి చేతులూ ఆగాయి. ఆమె అతని భుజం పక్క నుంచి అవతలికి చూస్తూ నాగయ్యతో అంది, "ఆ తట్ట అవతలి అంచున పొయ్యుమను."

అతను పోశాడు. పొద్దు గూకేదాకా మోశాడు. ఆ ఏడు కుంటలోకి నాగలి దింపలేదు.

కట్ట లేచింది. పక్కన బండలు పేర్చి మత్తడి కూడా కట్టారు, ఎక్కువైన నీళ్ళు కట్టను తెంపకుండా దాని మీద నుంచి పోవాలని. ఆ ఏడు వానే రాలేదు, అందరూ మళ్ళీ కిష్టవ్వ మీద పడ్డారు. ఆమె ఎవరికి చెప్పాల్సింది వాళ్ళకు చెప్పింది. ఎనభై ఎనిమిదిలో కుంట నిండి మత్తడి దుంకింది. బావిలో ఊట పడింది. అప్పుడు ఆమె ఇంకో కట్టుబాటు పెట్టించింది. కుంట మత్తడి దాకా నిండని ఏడు యాసంగిలో, అంటే రెండో పంటకు, ఎవరూ వరి నాటకూడదు, జొన్నలో పెసర్లో వేసుకోవాలి. ఒకసారి దేవదాసు అనే రైతు చాటుగా నారు పోస్తే, ఆమె ఎడ్లను తోలుకుపోయి ఆ నారుమడిని తొక్కించింది. దేవదాసు కర్ర ఎత్తాడు. ఆమె కొడవలి ఎత్తింది. నారు మాత్రం మిగల్లేదు. ఆమెను ఎవరూ ప్రేమించలేదు. కుంట నీళ్ళు తాగిన ప్రతివాడూ వెనక ఆమెను గయ్యాళి అనే అన్నాడు.

వంతులు మాత్రం తప్పలేదు. పొద్దున మోటరు పర్శరాములుది. పొద్దు తిరిగాక అతను మోటరు బందుపెట్టి ఒక దారిన పోతే ఆమె ఇంకో దారిన వచ్చేది. అతని వంతు నీళ్ళను ఆమె చెంబెడు కూడా ముట్టుకోలేదు. ఒక మాట కూడా ఇవ్వలేదు. దారిలో ఎదురైతే అక్కడ చెట్టు ఉన్నట్టు చూసి పక్కకు తిరిగేది.

తొంభై నాలుగులో అతనికి ఛాతీలో జబ్బు ముదిరింది. అప్పటికి గంగయ్య దుబాయి నుంచి నడుము నొప్పితో తిరిగొచ్చి ఇంట్లోనే ఉన్నాడు. ఒకరోజు పొద్దున్నే చంద్రవ్వ వాకిట్లోకి వచ్చి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"కిష్టా, మీ బావ నిన్నే అడుగుతుండు. ఒక్కసారి రా చెల్లె."

"పోవే, అన్న ఆఖరి గడియల ఉన్నడు, ఒక్క మాట అనరాదా" అన్నాడు గంగయ్య.

"ఆనాడు కట్ట మీద నువ్వున్నవా? నోరు మూసుకో" అంది. కానీ వెళ్ళింది.

పర్శరాములు మంచానికి అంటుకుపోయి ఉన్నాడు. ఆమె గడప దాటలేదు.

"కిష్టవ్వా" అన్నాడు అతను, ఊపిరి కూడదీసుకుని. "తప్పైంది. నాతోని మంచిగ మాట్లాడుమంటలే. ఊరందరిని తిడ్తవు గదా. నన్ను గూడ తిట్టు. ఒక్క తిట్టన్న తిట్టు, నేను మనిషినేనని..."

ఆనాటి బురద, తన చేతుల్లోంచి జారిపోయిన ఆ పాదాలు ఆమెకు ఇంకా నిన్నటివే. ఆమె వెనక్కి తిరిగి, వాకిట్లో ఏడుస్తున్న చంద్రవ్వను దాటుకుని పొలం దారి పట్టింది.

బావి దగ్గరికి వచ్చేసరికి పొద్దు ఇంకా తిరగలేదు. పర్శరాములు పొలం నెర్రెలు విచ్చి ఉంది. మనిషి మంచం పట్టినప్పటి నుంచి ఆ పొలానికి నీళ్ళు పెట్టే దిక్కు లేదు. వంతు అతనిది. కిష్టవ్వ చీర ఎగదోపుకుని మోటరు మీట నొక్కింది. కాల్వను తన పొలం వైపు మూసి అతని పొలం వైపు తెరిచింది. పార తీసుకుని మడి వెంట నడుస్తూ నీళ్ళను లోపలికి తోలింది.

తోలుతూ తిట్టడం మొదలుపెట్టింది. ముందు గొణిగింది, తర్వాత గొంతెత్తింది. "నీ పార ఇరుగ, నీ చేతులు పడిపోను, నీ మక్క మన్నుల గలువ, కాళ్ళు వట్టుకున్న దాన్ని దాటిపోతివి గదర, నీ కండ్లల్ల నీళ్ళే లేవార" అంటూ ఏళ్ళుగా దాచిపెట్టినవన్నీ ఆ పొలంలో, ఆ నీళ్ళ వెంట, ఒక్కొక్కటే వదిలింది. ముక్కు చీదుకుంది, మళ్ళీ తిట్టింది.

ఊరివైపు నుంచి చంద్రవ్వ పెట్టిన శోకం వినపడింది. కిష్టవ్వ పార ఆనించుకుని నిలబడింది. ఊరి నుంచి నాగయ్య గట్టు మీద ఉరుక్కుంటూ వచ్చి, "పర్శన్న పోయిండటనే, మోటరు బందువెట్టి రా" అని కేకేశాడు.

"ఇంకా పొద్దు తిరగలే" అంది కిష్టవ్వ. "వాని వంతు అయిపోలే."